ముసలి పిల్లులకు పచ్చి మాంసాహారం

ముసలి పిల్లులకు పచ్చి మాంసాహారం అంటే వయసు మళ్ళిన పెంపుడు పిల్లులకు వండని మాంసం, గుండెకాయ, కార్జం వంటి అవయవాలు, ఎముక లేదా ఎముకకు బదులు వేరే కాల్షియం చేర్చి ఇంటిలోనే తయారుచేసి పెట్టే ఆహార పద్ధతి. పిల్లి స్వతహాగా వేటజంతువు కనుక దానికి ప్రకృతి నిర్ణయించిన ఆహారం ఇదేనన్నది ఈ పద్ధతిని అనుసరించేవారి వాదన. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలలో 1990ల నుండి ఇది బాగా వ్యాపించింది. అమెరికా పశువైద్య సంఘం వంటి పెద్ద సంఘాలు దీనిని ప్రోత్సహించవు. ముసలి పిల్లుల విషయంలో ఈ వివాదానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం కలదు. పడుచు పిల్లి శరీరం కొంతకాలం తట్టుకోగల పోషక లోపాన్ని మూత్రపిండాలు బలహీనపడిన పద్నాలుగేళ్ళ పిల్లి తట్టుకోలేదు. అయితే మాంసకృత్తులు, నీరు సమృద్ధిగా ఉన్న ఆహారం అవసరం కూడా ఆ వయసులోనే ఎక్కువ.

పిల్లి ముసలితనం

ఇంటిపట్టున పెరిగే పిల్లి పదిహేనేళ్ళు బతకడం అరుదు కాదు. ఇరవై దాటినవి కూడా ఉన్నాయి. 2021లో అమెరికాలోని జంతు ఆసుపత్రుల సంఘం, పిల్లి వైద్యుల సంఘం కలిసి ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం ఏడు నుండి పదేళ్ళ వరకు పిల్లిని నడివయసుదిగా, పదేళ్ళు దాటిన తరువాత వృద్ధ పిల్లిగా పరిగణిస్తారు.

ముసలి జంతువుకు తక్కువ తిండి చాలునన్న అభిప్రాయం పిల్లుల విషయంలో సగమే నిజం. నడివయసులో పిల్లికి కావలసిన శక్తి క్రమంగా తగ్గుతూ వస్తుంది. కాని సుమారు పదకొండేళ్ళ తరువాత అది మళ్ళీ పెరుగుతుంది. ఇందుకు ఒక కారణం జీర్ణశక్తి తగ్గడం. పన్నెండేళ్ళు దాటిన పిల్లులలో దాదాపు మూడింట ఒక వంతు కొవ్వును సరిగా జీర్ణించుకోలేవు. పద్నాలుగేళ్ళు దాటినవాటిలో దాదాపు ఐదింట ఒకటి మాంసకృత్తులను కూడా పూర్తిగా వాడుకోలేదు. అందువల్ల నడివయసులో బొద్దుగా ఉన్న పిల్లి పన్నెండు, పదమూడేళ్ళకు వెన్నెముక చేతికి తగిలేంతగా చిక్కిపోవడం కనిపిస్తుంది. వాసన పసిగట్టే శక్తి కూడా మందగిస్తుంది. పిల్లి తిండిని రుచికంటె వాసనను బట్టే ఎంచుకుంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కండ కరిగిపోకుండా ఉండటానికి పిల్లికి రోజుకు తన బరువులో కిలోకు 5.2 గ్రాముల మాంసకృత్తులు కావలెనని 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్కగట్టింది. నాలుగు కిలోల పిల్లికి ఇది సుమారు 21 గ్రాములు. నూరు గ్రాములకు కాస్త పైబడిన కోడిమాంసంలో ఇంత ఉంటుంది. పచ్చి మాంసాహారం పట్ల ముసలి పిల్లుల యజమానులకు ఆసక్తి కలగడానికి ఈ లెక్క కొంత ఆధారం. పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న ఎండుగుళికల మేతకంటె మాంసం ఈ అవసరాన్ని సులభంగా తీరుస్తుంది.

మాంసం ఎందుకు తప్పనిసరి

కుక్క మాంసంతోబాటు అన్నం, కూరగాయలు తిని కూడా బతకగలదు. పిల్లికి ఆ వెసులుబాటు లేదు. జంతు కణజాలంలో మాత్రమే దొరికే కొన్ని పదార్థాలను పిల్లి శరీరం స్వయంగా తయారుచేసుకోలేదు, లేదా చాలినంత తయారుచేసుకోలేదు. వీటిలో ముఖ్యమైనది టారిన్ అనే అమైనో ఆమ్లం. ఇది లోపిస్తే కంటిలోని రెటీనా క్షీణిస్తుందని 1975లోను, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోను అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. రెండవ పరిశోధన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్య కళాశాలలో జరిగింది. గుండె జబ్బుతో ఉన్న పిల్లులకు టారిన్ ఇచ్చినపుడు చాలావాటికి గుండె తిరిగి కోలుకుంది. ఆ తరువాత ప్రపంచవ్యాప్తంగా పిల్లి ఆహార తయారీదారులు టారిన్ పాళ్ళు పెంచారు. ఈ రకపు గుండె జబ్బు అరుదైపోయింది.

ఆర్జినిన్ అనే మరొక అమైనో ఆమ్లం విషయంలో పిల్లి మరింత సున్నితమైనది. ఆర్జినిన్ లేని ఒక్కపూట భోజనంతోనే రక్తంలో అమ్మోనియా పెరిగి పిల్లి ప్రమాదంలో పడుతుందని 1978లో కనుగొన్నారు. మాంసంలో ఇది పుష్కలంగా ఉంటుంది కనుక మాంసం తినే పిల్లికి ఈ భయం లేదు. క్యారట్టులోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకునే శక్తి పిల్లికి లేదు, ఎండలో పడుకుని చర్మంలో విటమిన్ డి తయారుచేసుకునే శక్తి కూడా దాదాపు లేనట్లే. ఆ రెండూ ఆహారం ద్వారానే అందవలెను. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం సంగతి కూడా ఇంతే.

నీటి విషయం కూడా గమనింపదగినది. పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవి పిల్లులు. వాటికి దాహం తక్కువ. ఎలుక శరీరంలో దాదాపు మూడింట రెండు వంతులు నీరే కనుక వేటలోనే వాటికి నీరు దొరికేది. పచ్చి మాంసంలో 70 నుండి 75 శాతం నీరు ఉండగా ఎండుగుళికలలో 10 శాతానికి మించదు. ఎండుమేత తినే పిల్లి గిన్నెలో నీరు తాగి ఈ లోటును కొంతవరకే పూడ్చుకుంటుంది. మూత్రం చిక్కపరచే శక్తి కోల్పోయిన ముసలి పిల్లికి ఇది భారమవుతుంది.

చరిత్ర

పిల్లికి మనుషులు ప్రత్యేకంగా ఆహారం కొని పెట్టడం ఇటీవలి అలవాటు. పందొమ్మిదవ శతాబ్దపు లండన్ నగరంలో పిల్లి మాంసం అమ్మేవారు వీధివీధికీ తిరిగి, పుల్లలకు గుచ్చిన గుర్రపు మాంసపు ముక్కలు అమ్మేవారు. ఈ వృత్తిని హెన్రీ మేహ్యూ అనే పాత్రికేయుడు 1851 ప్రాంతంలో వివరంగా వర్ణించాడు. అయితే అది పచ్చి మాంసం కాదు, పెద్ద పెద్ద రాగి కాగులలో ఉడికించినది. పాతకాలపు పిల్లులన్నీ పచ్చి మాంసమే తినేవన్న వాదనకు ఇది సరిపడదు.

పచ్చి ఆహారవాదులు తరచుగా ఉదహరించే ప్రయోగం ఫ్రాన్సిస్ పాటెంజర్ అనే అమెరికా వైద్యునిది. అడ్రినల్ గ్రంథులపై పరిశోధన కోసం పెంచిన పిల్లులలో, పచ్చి మాంసం తిన్నవి శస్త్రచికిత్సను బాగా తట్టుకొనుట ఆయన గమనించాడు. 1932 నుండి 1942 వరకు కాలిఫోర్నియాలో సుమారు 900 పిల్లులపై పరిశీలనలు జరిపాడు. పచ్చి మాంసం, పచ్చి పాలు తిన్న పిల్లులు తరతరాలుగా ఆరోగ్యంగా ఉండగా, వండిన మాంసం తిన్నవి రెండు మూడు తరాలలో క్షీణించిపోయాయి. దీనిని బట్టి వండటమే దోషమని చాలామంది నిర్ణయించారు. కాని పాటెంజర్ కాలానికి టారిన్ పిల్లికి అత్యవసరమన్న సంగతి ఎవరికీ తెలియదు. మాంసాన్ని నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోస్తే టారిన్ చాలావరకు దానితోనే పోతుంది. ఆయన చూసిన కొన్ని లక్షణాలు టారిన్ లోపపు లక్షణాలతో సరిపోతాయి. అందువల్ల ఈ ప్రయోగం లోపభూయిష్టమైన వంటను దోషిగా నిలబెడుతుంది గాని వంటనే కాదు.

1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ కుక్కలకు పచ్చి ఎముకలు, మాంసం పెట్టడాన్ని సమర్థిస్తూ పుస్తకం రాసిన తరువాత ఈ పద్ధతి జనాదరణ పొంది పిల్లులకూ పాకింది. డేవిస్ కళాశాల పరిశోధకులే 2000ల తొలి సంవత్సరాలలో మరొక ప్రయోగం చేశారు. కుందేలును చర్మంతో సహా మొత్తంగా రుబ్బి, ఇంకేమీ కలపకుండా కొన్ని పిల్లికూనలకు పచ్చిగా పెట్టారు. మలం గట్టిపడింది, పిల్లులు నిగనిగలాడుతూ పెరిగాయి, ఆహారాన్ని ఇష్టంగా తిన్నాయి. సుమారు పది నెలల తరువాత వాటిలో ఒకటి హఠాత్తుగా చనిపోయింది. టారిన్ లోపం వల్ల గుండె సాగిపోవడమే కారణమని తేలింది. మిగిలిన పిల్లులను పరీక్షించగా వాటిలో కూడా ఎక్కువ భాగం గుండె కండరంలో మార్పులు కనిపించాయి. టారిన్ కలిపిన తరువాత అవి కోలుకున్నాయి. పూర్తి జంతువును పచ్చిగా పెట్టినప్పటికీ ఇట్లు జరగడం, పైకి ఎంతో ఆరోగ్యంగా కనిపించే పిల్లిలో లోపం దాగియుండటం ఈ ప్రయోగం నేర్పిన పాఠాలు. నిగనిగలాడే బొచ్చును మాత్రమే చూసి ఆహారం బాగున్నదని చెప్పరాదు.

పచ్చిదనం వల్లనా, మాంసం వల్లనా

ఎండుమేత మాని పచ్చి మాంసం మొదలుపెట్టిన తరువాత తమ ముసలి పిల్లి చురుకైనదని, బొచ్చు మెరిసిందని, మలం వాసన తగ్గిందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ అనుభవాలను కొట్టివేయనవసరం లేదు. అయితే ఆ మార్పులో ఒకేసారి అనేకం మారతాయి. పిండిపదార్థం తగ్గుతుంది, నీరు పెరుగుతుంది, మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. వండకపోవడమన్నది వీటిలో ఒకటి మాత్రమే.

ఈ చిక్కును విడదీసే పరిశోధన ఒకటి 2012లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుండి వెలువడింది. పిల్లులకు ఎండుగుళికలు, పచ్చి గొడ్డుమాంసపు ఆహారం, అదే రకపు వండిన ఆహారం పెట్టి, ఎంత జీర్ణమైనదో కొలిచారు. మాంసాహారాలు రెండూ ఎండుగుళికలకంటె బాగా జీర్ణమయ్యాయి. పచ్చిదానికి, వండినదానికి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. యజమానులు చూసే మేలులో అధికభాగం మాంసానిది, నీటిది అని దీనివల్ల భావించవచ్చును. అదే నిజమైతే తక్కువ మంటపై వండి, ఊరిన రసాన్ని పారబోయకుండా కలిపి, కావలసిన పోషకాలు చేర్చి పెట్టినా ముసలి పిల్లికి ఆ మేలు దక్కుతుంది. పచ్చి మాంసపు ప్రమాదాలు మాత్రం ఉండవు.

ఇంటి తయారీలో వచ్చే లోపాలు

పచ్చిదైనా వండినదైనా ఇంటి ఆహారంలో అందరూ చేసే పెద్ద తప్పు కండను మాత్రమే పెట్టడం. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. వాటి నిష్పత్తి పదిహేనుకు ఒకటి, ఇరవైకి ఒకటి వరకు ఉంటుంది. పిల్లికి కావలసినది దాదాపు సరిసమానం. ఈ లోటును పూడ్చడానికి పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకలలోని కాల్షియంను కరిగించి రక్తంలోకి తెస్తాయి. పిల్లికూనలలో కొద్ది వారాలలోనే కాళ్ళు వంగి ఎముకలు విరుగుతాయి. ముసలి పిల్లిలో ఇది నెలల తరబడి నెమ్మదిగా సాగుతుంది. గెంతడం మానేస్తే వయసు వల్లనే అనుకుంటారు.

లెక్క ఉదాహరణకు నాలుగు కిలోల పిల్లి రోజుకు 150 గ్రాముల కోడి తొడ మాంసం తింటుందనుకుందాం. అందులో సుమారు 270 మిల్లీగ్రాముల భాస్వరం, 15 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. శుభ్రంగా కడిగి, ఉడికించి, ఆరబెట్టి మెత్తగా దంచిన కోడిగుడ్డు పెంకు పొడిలో గ్రాముకు దాదాపు 380 మిల్లీగ్రాముల కాల్షియం కలదు. ముప్పాతిక గ్రాము పొడి కలిపితే నిష్పత్తి సరిపడుతుంది. చెంచాతో కొలిచే వస్తువు కాదిది, చిన్న తూకపు యంత్రం అవసరం.

కార్జం రెండవ చిక్కు. పిల్లికి విటమిన్ ఎ అందించడానికి ఇంతకంటె సులువైన పదార్థం లేదు. కోడి కార్జం రోజుకు రెండు గ్రాములున్నా కనీస అవసరం తీరుతుంది. కాని పిల్లులకు కార్జం అంటే విపరీతమైన ఇష్టం, పైగా చవక. అందువల్ల కొందరు రోజూ అదే పెడతారు. విటమిన్ ఎ శరీరంలో పేరుకుపోయి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇటువంటి పిల్లి మెడ తిప్పలేదు, వీపు నాకి శుభ్రం చేసుకోలేదు. ఆస్ట్రేలియాలో 1960లలో పరిశోధకులు ఈ వ్యాధిని కార్జం తిండితో ముడిపెట్టి వివరించారు. ముసలి పిల్లిలో దీనిని మామూలు కీళ్ళనొప్పులుగా పొరబడే అవకాశం ఎక్కువ. మేక, గొర్రె కార్జంలో విటమిన్ ఎ కోడి కార్జంలోకంటె రెట్టింపు దాకా ఉంటుంది.

పచ్చి చేప మూడవది. కార్ప్ కుటుంబపు చేపలలో చాలావాటిలోను, హెర్రింగ్, ఆంకోవీ రకాలలో కొన్నింటిలోను థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఇది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. కొన్ని వారాలు అదే ఆహారమైతే పిల్లి తూలుతుంది, తల గుండెలకు ఆనేలా కిందికి వాలిపోతుంది, ఫిట్స్ వస్తాయి. చేపను ఉడికిస్తే ఈ ఎంజైము నశిస్తుంది. ఇది వంట పచ్చిదనంకంటె స్పష్టంగా మేలు చేసే సందర్భం. పచ్చి గుడ్డు తెల్లసొనలోని ఎవిడిన్ బయోటిన్‌ను అడ్డుకుంటుంది. అది కూడా ఉడికితే పోతుంది.

టారిన్ గుండెకాయలోను, కోడి తొడ మాంసంలోను ఎక్కువ, రొమ్ము మాంసంలో అనేక రెట్లు తక్కువ. మాంసాన్ని కైమా కొట్టి, గడ్డకట్టించి, కరిగించినపుడు కారిపోయే నీటిలో కొంత టారిన్ పోతుంది. అందువల్ల పచ్చి ఆహారంలో కూడా టారిన్ విడిగా కలపడం ఆనవాయితీ. ఇది ఎక్కువైతే శరీరం మూత్రంలో వదిలేస్తుంది కనుక హాని లేదు. వీటితోబాటు అయొడిన్, జింకు, మాంగనీసు, విటమిన్ ఇ, విటమిన్ డి కూడా కండలో చాలవు.

"80, 10, 10" అనే సూత్రం పచ్చి ఆహారవాదులలో ప్రసిద్ధం. కండ 80 పాళ్ళు, ఎముక 10, అవయవాలు 10. గుర్తుంచుకోవడానికి సులువే గాని పైన చెప్పిన లోపాలన్నీ దీనివల్ల తీరవు. 2019లో డేవిస్ కళాశాల పరిశోధకులు పుస్తకాలలోను, అంతర్జాలంలోను దొరికే 114 పిల్లి వంటకాలను సేకరించారు. వాటిలో లెక్కకట్టదగినంత వివరం ఉన్నవి 94. ఆ 94లో ఒక్కటి కూడా అన్ని పోషకాలనూ కావలసినంత అందించలేదు. కోలిన్ అనే ఒక్క పోషకం తప్ప మిగిలినవన్నీ సరిపడిన వంటకాలు ఐదు మాత్రమే. ఆ ఐదూ పశువైద్యులు రాసినవే.

ముసలితనపు జబ్బులు

పదేళ్ళు దాటిన పిల్లులలో 30 నుండి 40 శాతానికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉంటుంది. పచ్చి ఆహారం విషయంలో తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఈ వ్యాధిలో భాస్వరం రక్తంలో నిలిచిపోయి మూత్రపిండాలను ఇంకా పాడుచేస్తుంది. దానిని తగ్గించడమే ఆహార చికిత్సలో ముఖ్యభాగం. ఎముకతో రుబ్బిన పచ్చి మాంసంలో భాస్వరం చాలా ఎక్కువ. ఎముకలోని కాల్షియం భాస్వరంతో కలిసే ఉండటం ఇందుకు కారణం. గుడ్డు పెంకు పొడిలో కాల్షియం కార్బొనేటు రూపంలో ఉండి, భాస్వరం నామమాత్రంగా ఉంటుంది. అందువల్ల మూత్రపిండాలు బలహీనమైన పిల్లికి ఇంటి ఆహారం పెట్టవలసి వస్తే ఎముకకంటె పెంకు నయం. అప్పటికీ మాంసంలోని భాస్వరం మిగిలే ఉంటుంది కాబట్టి వ్యాధి ముదిరినపుడు ప్రత్యేక ఆహారం తప్పదు. అయితే అంత కచ్చితమైన ఆహారాన్ని పిల్లి ముట్టకపోతే ప్రయోజనం లేదు. పిల్లి ఏదో ఒకటి తినడం అన్నిటికంటె ముఖ్యమని వైద్యులు కూడా అంగీకరిస్తారు.

మరొక సాధారణ వ్యాధి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం. 1979లో మొదటిసారి వర్ణించిన ఈ వ్యాధి పదేళ్ళు దాటిన పిల్లులలో దాదాపు పది శాతానికి వస్తుంది. ఆవురావురుమని తింటూనే చిక్కిపోవడం దీని గుర్తు. కొత్త ఆహారం పిల్లికి ఆకలి పుట్టించినదని యజమాని సంతోషించే సమయంలో అసలు కారణం ఈ వ్యాధి కావచ్చును. దీనివల్ల మూత్రపిండాల వ్యాధి కూడా పరీక్షలలో కప్పబడిపోతుంది.

ముసలి పిల్లులలో పంటి జబ్బులు అధికం. చిగురు వద్ద పన్ను కరిగిపోయే వ్యాధి ఉన్న పిల్లికి కోడి మెడ ఎముక నమలడం నరకయాతన. పచ్చి ఎముకలు పళ్ళను శుభ్రపరుస్తాయన్న మాటలో కొంత నిజమున్నా, పళ్ళు విరగడం, ఎముక గొంతులో లేదా పేగులో ఇరుక్కోవడం కూడా జరుగుతాయి. పేగుల కదలిక మందగించి మలబద్ధకం ఉన్న పిల్లికి ఎముక ఇంకా చెరుపు చేస్తుంది. వండిన ఎముక పెళుసుగా చీలుతుంది కనుక అది ఏ వయసులోను పనికిరాదు. మధుమేహం ఉన్న పిల్లికి మాత్రం పిండిపదార్థం తక్కువగా ఉన్న మాంసాహారం మేలు చేస్తుంది. అయితే ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి ఆహారం ఒక్కసారిగా మారిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును.

సూక్ష్మజీవులు

పచ్చి మాంసంపై వైద్యుల ప్రధాన అభ్యంతరం సూక్ష్మజీవుల గురించే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010 నుండి 2012 వరకు జరిపిన పరీక్షలలో దుకాణాలలో అమ్మే పచ్చి పెంపుడు జంతువుల ఆహారం 196 నమూనాలకు 15 లో సాల్మొనెల్లా, 32 లో లిస్టీరియా కనిపించాయి. పిల్లి జీర్ణాశయం ఆమ్లపూరితమైనది, పేగులు పొట్టివి కాబట్టి దానికేమీ కాదన్న వాదన ఉంది. ఆరోగ్యంగా ఉన్న పడుచు పిల్లుల విషయంలో ఇది చాలావరకు నిజం. వ్యాధినిరోధక శక్తి తగ్గిన ముసలి పిల్లికి, స్టీరాయిడ్ మందులు వాడే పిల్లికి ఇది వర్తించదు. పైగా తనకు జబ్బు లేకుండానే పిల్లి మలంలో సాల్మొనెల్లాను వదలుతుంది. ఇంటిలో పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్నపుడు ప్రమాదం వారిది కూడా.

2018-2019 కాలంలో ఇంగ్లండులో ఇల్లు కదలని కొన్ని పెంపుడు పిల్లులకు పశువుల క్షయ సోకింది. అవన్నీ ఒకే రకపు పచ్చి జింక మాంసపు ఆహారం తిన్నట్లు తేలింది. పచ్చి పంది మాంసం ద్వారా వచ్చే ఆజెస్కీ వ్యాధి పిల్లికి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే.

ఇటీవలి కాలంలో అన్నిటికంటె పెద్ద ముప్పు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ. 2023 జూన్‌లో పోలండులో రెండు డజన్లకు పైగా పిల్లులలో ఈ వైరస్ బయటపడింది. మూలం కచ్చితంగా రుజువు కాకపోయినా పచ్చి కోడిమాంసంపై అనుమానాలు నిలిచాయి. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, ఇల్లు దాటని ఒక పిల్లి గడ్డకట్టించిన పచ్చి టర్కీకోడి ఆహారం తిని మరణించింది. ఆహారంలోని వైరస్, పిల్లిలోని వైరస్ ఒకటేనని జన్యుపరీక్షలో తేలింది. మాంసాన్ని డీప్ ఫ్రీజరులో ఉంచితే సురక్షితమన్న నమ్మకం ఇక్కడ వమ్మయినది. గడ్డకట్టించడం వల్ల టాక్సోప్లాస్మా వంటి పరాన్నజీవులు చాలావరకు చస్తాయి గాని బాక్టీరియా, ఈ వైరస్ చావవు. మాంసం లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే అవి నశిస్తాయి.

భారతదేశంలో 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు హెచ్5ఎన్1 సోకినట్లు గుర్తించారు. ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళఫారాలలో ఇదే వ్యాధి వ్యాపించింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ బాలిక ఈ వైరస్ సోకి మరణించింది. ఆ పాప పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నట్లు కుటుంబసభ్యులు తెలిపారు. పిల్లి కోసం పచ్చి కోడిమాంసం కోసే వంటగదిలో పసిపిల్లలుంటే ఈ సంఘటన గుర్తుంచుకోదగినది.

తయారీ, అలవాటు చేయడం

ఈ ఆహారం మొదలుపెట్టే ముందు రక్తంలో క్రియాటినిన్, భాస్వరం, థైరాయిడ్ హార్మోను, మూత్రపు చిక్కదనం, రక్తపోటు చూపించుకోవలెను. వృద్ధ పిల్లులకు ఆరునెలలకొకసారి పరీక్షలు సూచిస్తారు. మాంసం ఎక్కువగా తినే పిల్లి రక్తంలో యూరియా కొంత ఎక్కువ కనబడవచ్చు కనుక ఆహారం సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను.

నాలుగు కిలోల పిల్లికి మాంసంలోని కొవ్వును బట్టి రోజుకు 120 నుండి 180 గ్రాములు పట్టవచ్చును. రెండు పూటలకంటె నాలుగైదు చిన్న పూటలు ముసలి పిల్లికి నప్పుతాయి. ఫ్రిజ్ నుండి తీసిన చల్లని మాంసానికి వాసన ఉండదు. గిన్నెను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే పిల్లి దగ్గరకు వస్తుంది. అరగంటలో తినకుండా వదిలినది పారేయవలెను. కత్తి, పలక, గిన్నె మనుషుల వంటకు వాడేవి కారాదు.

పన్నెండేళ్ళు ఎండుగుళికలు తిన్న పిల్లి మాంసాన్ని తిండిగా గుర్తించకపోవచ్చు. పాత ఆహారంలో చిటికెడు చొప్పున కలుపుతూ వారాలు, ఒక్కొక్కసారి నెలలు ఓపిక పట్టవలసి ఉంటుంది. ఆకలేస్తే అదే తింటుందని మాడ్చడం మాత్రం చేయరాదు. రెండు మూడు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, శరీరంలోని కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకు ఒకపూట లంఖణం పరమౌషధం కావచ్చు గాని పిల్లికి కాదు. వారం వారం తూకం చూడటం, వందగ్రాములు తగ్గినా పట్టించుకోవడం ముసలి పిల్లి విషయంలో అవసరం.

తెలుగునాట

తెలుగు ఇళ్ళలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం ఆచారం. ఎలుకలు, బల్లులు, పక్షులు దొరికినంత కాలం ఆ పిల్లి తనకు కావలసిన టారిన్ తానే వేటాడుకునేది. అపార్ట్‌మెంటులో తలుపు దాటని ముసలి పిల్లికి ఆ దారి లేదు. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలవుతాయి కూడా.

కోస్తా పట్టణాలలో చేపల బజారు నుండి తలలు, పేగులు తెచ్చి పిల్లులకు పచ్చిగానే వేస్తారు. చెరువు చేపలలో బొచ్చె, రాగండి కార్ప్ కుటుంబానివే. అప్పుడప్పుడు తిన్నందున ప్రమాదం లేదు గాని రోజూ ఇదే పెట్టేవారు ఉడికించి, ముళ్ళు తీసి పెట్టడం మంచిది. చికెన్ దుకాణాలలో కందనకాయలు, కార్జాలు చవకగా దొరుకుతాయి. కందనకాయ మంచి కండరమే గాని కార్జాన్ని పైన చెప్పిన మోతాదు మించనీయరాదు. మాంసం చాలాచోట్ల చల్లబరచకుండా బయటే వేలాడదీసి అమ్ముతారు కాబట్టి విదేశీ పుస్తకాలలోని పచ్చి ఆహారపు సూచనలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్లు పాటించడం తగదు.

కూరలోని ముక్కలు కడిగి పెట్టడం కూడా మనవారికి అలవాటు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను చిట్లగొడతాయి. ఆ విషం ఉడికించినా, కడిగినా పూర్తిగా పోదు. కూర తాలింపు వేయకముందే పిల్లి వాటా విడిగా తీసి ఉడికించవలెను. తిరుపతి, గన్నవరం, హైదరాబాదులోని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా జంతు చికిత్సాలయాలు ఉన్నాయి.